సంక్రాంతి సెలవుల మీద ఇంకో ఆరు రోజులు బడి మాన్పించి వైజాగ్ పోతే తప్పా? లీవ్ లెటర్‌లో ఏం రాయాలి?

అంగడి_అమ్మ | ప్రొద్దుటూరు | డిసెంబర్ 2, రాత్రి 10:15

అందరికీ నమస్తే. మాకు బట్టల అంగడి ఉంది. అంగడి ఉన్నవాళ్ళకు తెలుసు, పిల్లలకు సెలవులు వచ్చేదీ మాకు ఊపిరాడనిదీ ఒకటే టైమ్. దసరా సంగతి మా ఊళ్ళో చెప్పనక్కర్లేదు. సంక్రాంతి ముందు రాత్రి 11 దాకా షట్టర్ దించం. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఎండాకాలం సెలవులున్నాయి కదా అంటారు, అప్పుడంతా పెళ్ళి బట్టల బేరం. పైగా ఆ ఎండల్లో పిల్లల్ని ఎక్కడికి తిప్పుతాం?

మాకు ఖాళీ దొరికేది సంక్రాంతి అయిపోయి మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యే లోపు వారం, పది రోజులు. అప్పటికి బడి తెరిచేస్తారు. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. ఇద్దరూ ఇంతవరకు సముద్రం చూడలేదు. మా అత్తమ్మకు సింహాచలం మొక్కు ఉంది. కడప నుంచి తిరుమల ఎక్స్‌ప్రెస్ నేరుగా వైజాగ్ పోతుంది, 60 రోజుల ముందు నుంచే బుకింగ్ కాబట్టి ఇప్పుడు చూస్తే బెర్తులు కనిపిస్తున్నాయి. వైజాగ్, అరకు, సింహాచలం కలిపి ఆరు పని దినాలు పోతాయి.

మా ఆయన "బుక్ చేసెయ్, జ్వరమని రాద్దాం" అంటాడు. నాకు మనసొప్పడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

---

సంగటిముద్ద | కడప | డిసెంబర్ 2, రాత్రి 10:22

పోండక్కా. ఇంత ఆలోచించే లోపల బెర్తులు అయిపోతాయి.

---

లెక్కల_సారు | కర్నూలు | డిసెంబర్ 2, రాత్రి 11:05

ప్రైవేట్ స్కూల్లో 14 ఏళ్ళుగా లెక్కలు చెప్తున్నా. నా మాట కొంచెం చేదుగా ఉంటుంది, ఏమనుకోకండి.

నాలుగో తరగతి బాబుకు ఆరు రోజులు పోతే ఏమీ కాదు. ఎనిమిదో తరగతి అట్ల కాదు. సోషల్‌లో ఒక పాఠం పోతే ఆ పాఠమే పోతుంది. లెక్కల్లో ఈ రోజు ఉమ్మడి కారణాంకం బయటికి తియ్యడం చెప్తా, రేపు దాని మీదే నాలుగు పదాలను రెండేసి కలపడం చెప్తా, ఎల్లుండి సూత్రాలతో చేయిస్తా. మొదటి రోజు లేని పిల్ల మూడో రోజు బోర్డు చూసి రాసుకుంటుంది, అంతే. "అర్థమైందా" అంటే తలూపుతుంది. పరీక్షలో బయటపడుతుంది.

ఇంకో సంగతి తల్లిదండ్రులకు కనపడదు. సంక్రాంతి తర్వాత మొదటి రోజు పోయిన ఏడాది నా క్లాసులో 40 మందికి 22 మందే వచ్చారు. 18 మంది లేకుండా కొత్త పాఠం ఎట్ల మొదలుపెట్టేది? రివిజన్ అని కూర్చోబెట్టా. మూడు రోజులు అట్లే పోయాయి. అంటే ఊరికి పోయినవాళ్ళకు ఏం నష్టం రాలేదు, టైముకు వచ్చిన 22 మందికి వచ్చింది. వాళ్ళలో ఒక పిల్లాడు "సార్, మేము కూడా రాకుండా ఉండాల్సింది" అన్నాడు. నేనేం జవాబు చెప్పేది?

---

మిద్దెమీద_గాలి | అనంతపురం | డిసెంబర్ 3, ఉదయం 6:50

అక్కా, పోవడం గురించి నేనేమీ చెప్పను. జ్వరం అని మాత్రం రాయొద్దు. నేను రాసి అనుభవించినా.

రెండేళ్ళ కిందట మైసూరు, ఊటీ పోయాం. వైరల్ ఫీవర్ అని లెటర్ ఇచ్చా. మావాడు అప్పుడు ఐదో తరగతి. తిరిగొచ్చి బడికి పంపే రోజు స్కూలు బస్సు కోసం నిలబడి ఉంటే "జ్వరం ఎన్ని రోజులని చెప్పాలమ్మా?" అని అడిగాడు. నవ్వొచ్చింది నాకు. "నాలుగు రోజులని చెప్పు" అన్నా.

వాళ్ళ క్లాస్ టీచరు మంచిదమ్మాయి. వీడు పోగానే నుదుటి మీద చెయ్యి పెట్టి చూసిందంట. ఎండలో ఆటకు పంపకుండా తన పక్కన కూర్చోబెట్టుకుందంట. మధ్యాహ్నం వీడి డబ్బాలో చిత్రాన్నం చూసి, "జ్వరం తగ్గిన నోటికి ఇది వద్దు నాన్నా" అని ఆమె పెరుగన్నం వీడికి పెట్టి, వీడి చిత్రాన్నం ఆమె తినిందంట. సాయంత్రం ఇంటికొచ్చి సంచీ మూలకు విసిరి ఒకటే ఏడుపు. "నాకు జ్వరం రాలేదని మిస్‌కు తెలిస్తే ఎట్లమ్మా" అని.

ఆ రాత్రి చూసుకుంటే, ఊటీ టాయ్ ట్రైన్ ముందు నలుగురం నిలబడిన ఫోటో నా వాట్సాప్ స్టేటస్‌లో ఇంకా ఉంది. చూసినవాళ్ళ లిస్టులో ఆమె పేరు. అందరికంటే పైన.

ఆమె ఒక్క మాట కూడా అడగలేదు. ఆ తర్వాత మూడు పేరెంట్స్ మీటింగులకు మా ఆయన్నే పంపినా.

---

గుత్తికోట_కింద | గుత్తి | డిసెంబర్ 3, ఉదయం 8:30

మా కాలంలో లీవ్ లెటర్ అనేదే లేదప్పా. పీర్ల పండగ వచ్చిందంటే గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి బండ్లు కట్టుకుని పోయేది. తిరిగొచ్చేది ఎప్పుడంటే ఎద్దులకు తెలియాల. ఒకసారి గూగూడులో గుండం పక్కన బొరుగులు తింటా వెనక్కి తిరిగితే మా హెడ్మాస్టరు నిలబడినాడు, నెత్తిన టవల్ కట్టుకుని. ఆయన నన్ను చూసినాడు, నేను ఆయన్ను చూసినా. ఇద్దరం బళ్ళో ఎవ్వరికీ చెప్పలేదు.

---

ప్రొద్దుటూరు_టు_బర్మింగ్‌హామ్ | డిసెంబర్ 3, మధ్యాహ్నం 2:10

అంగడి_అమ్మ గారూ, మాదీ ప్రొద్దుటూరే. ఇప్పుడు ఇంగ్లాండులో ఉంటున్నాం. ఇక్కడైతే మీరడిగిన ప్రశ్నకు జవాబు రేటు కట్టి ఉంటుంది. బడి జరిగే రోజుల్లో అనుమతి లేకుండా పది వారాల్లో ఐదు రోజులు మాన్పిస్తే ఫైన్ వేస్తారు. 2024 ఆగస్టు నుంచి 80 పౌండ్లు. తల్లికి వేరే, తండ్రికి వేరే, ఒక్కో పిల్లకు వేరే. మీలాగా ఇద్దరు పిల్లలుంటే 320 పౌండ్లు. 21 రోజుల్లో కట్టకపోతే రెట్టింపు.

ఒక తండ్రి కూతురిని బడి రోజుల్లో ఫ్లోరిడాకు తీసుకుపోయి, ఫైన్ కట్టనంటే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. మా పాప హాజరు బాగానే ఉంది కదా అని ఆయన వాదన. 2017లో ఓడిపోయాడు. ఎప్పుడు రావాలో ఎప్పుడు రాకూడదో ఇంటివాళ్ళు తేల్చుకునేది కాదు, బడి నియమం ప్రకారమే రావాలన్నారు జడ్జీలు.

అయినా జనం ఆగరు. సెలవుల్లో విమానం టికెట్లు ఎంత పెరుగుతాయంటే, ఫైన్ కట్టి బడి రోజుల్లో పోవడమే చవక అని లెక్క వేసుకునేవాళ్ళు బోలెడు మంది. మా అమ్మా నాన్నలను చూడ్డానికి సంక్రాంతికి రావాలని ఏడేళ్ళుగా అనుకుంటున్నాం. ఆ రోజుల్లో ఇక్కడ బడికి సెలవులుండవు. మా పిల్లలకు గొబ్బెమ్మలు వీడియో కాల్‌లోనే తెలుసు.

---

కందనవోలు_కుర్రోడు | కర్నూలు | డిసెంబర్ 3, సాయంత్రం 5:45

ఇక్కడ ఫైన్ లేదు గానీ, లెక్క ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 దాకా ఏడాదికి 200 పని దినాలు, 6 నుంచి 8 దాకా 220. ప్రభుత్వం తల్లుల ఖాతాలో వేసే తల్లికి వందనం డబ్బులకు 75 శాతం హాజరు అడుగుతారు. సీబీఎస్ఈలో 10, 12 బోర్డు పరీక్ష రాయాలన్నా 75 శాతమే. 220లో 6 అంటే మూడు శాతం కూడా కాదు. ఆ పాప ఏడాదంతా సరిగ్గా పోయి ఉంటే ఏ లెక్కలోనూ తేడా రాదు. కాబట్టి ఇది రూలు సమస్య కాదు, లెక్కల_సారు చెప్పిన సమస్య.

---

ఎర్రమట్టి_బడి | ఆదోని దగ్గర | డిసెంబర్ 3, రాత్రి 9:20

నేను సర్కారు బళ్ళో టీచర్ని. ఈ చర్చ చదువుతుంటే మా ఊరు గుర్తొచ్చి రాస్తున్నా. ఎవరినీ దెప్పిపొడవడానికి కాదు.

మా వైపు, అంటే కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెల్లో, పిల్లల్ని బడి మాన్పించి తీసుకుపోయేదానికి ఒక పేరే ఉంది. సుగ్గి. వానకాలం పంట చేతికొచ్చినా రాకపోయినా, ఇక్కడ పని అయిపోతుంది. దీపావళి దాటాక గుంటూరు, పల్నాడు వైపు పత్తి తీతకు, తర్వాత మిరప కోతకు ఇంటిల్లిపాదీ పోతారు. ఒక రాత్రి వీధిలోకి బొలెరో వస్తుంది. బియ్యం మూటలు, సంగటి గిన్నె, కోళ్ళ గంప, రేకు పెట్టె, ఆ మీద పిల్లలు. పొద్దున నేను హాజరు పిలుస్తుంటే జవాబు రాదు. మిగిలినవాళ్ళు "సుగ్గికి పోయిండ్రు సార్" అంటారు. తిరిగి వచ్చేది ఉగాది వేళకు.

పిల్లల్ని ఊళ్ళోనే వదిలిపోతే సీజనల్ హాస్టల్ పెడతాం, మూడు పూటలా అన్నం పెట్టి బడికి పంపుతాం. కొందరు జేజి దగ్గర వదులుతారు. కానీ చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఎనిమిదేళ్ళ ఆడపిల్లను ఎవరూ వదలరు. తల్లి సాలులో కాయ కోస్తుంటే గట్టు మీద తమ్ముడిని ఆడించేది ఎవరు మరి?

పోయిన ఏడాది ఒక పాప పోతూ పోతూ నా దగ్గర లెక్కల నోట్సు అడిగి తీసుకుపోయింది, అక్కడ చేస్తానని. ఉగాది తర్వాత తెచ్చి ఇచ్చింది. మొదటి నాలుగు పేజీల్లో లెక్కలు ఉన్నాయి. మిగతా పేజీల మీద వేలి గుర్తులు, ఎర్రగా. నోట్సు తెరిస్తే నాకు తుమ్ము వచ్చింది. పిల్లలంతా నవ్వారు, ఆ పాప కూడా నవ్వింది. చేతులు మాత్రం లంగా వెనక దాచుకుంది, మిరప కోసి కోసి చర్మం లేచిపోయి ఉంది.

అంగడి_అమ్మ గారూ, మీ పిల్లల్ని తీసుకుపోండి. ఆరు రోజుల్లో పోయిన లెక్కలు ఆదివారం నేర్చుకోవచ్చు. నా క్లాసులో ఒక్కరు కూడా సముద్రం చూడలేదు. దానికి దగ్గరిదాకా పోయి వచ్చినవాళ్ళు మాత్రం ఉన్నారు, గుంటూరు దాకా.

---

హాల్‌టికెట్ | కడప | డిసెంబర్ 3, రాత్రి 10:02

సార్ మీద గౌరవంతోనే చెప్తున్నా. అక్క టూర్ గురించి అడిగితే వలస కథ తెచ్చి పెడితే ఆమెకు ఎట్లుంటుంది? రెండూ ఒకటి కాదు. ప్రతిదానికీ పేదవాళ్ళను అడ్డం పెడితే ఎవ్వరూ ఏమీ మాట్లాడలేరు.

---

అంగడి_అమ్మ | ప్రొద్దుటూరు | డిసెంబర్ 3, రాత్రి 10:30

నాకేం బాధగా లేదు తమ్ముడూ. సార్ పొమ్మనే అన్నాడు కదా. మా అంగడికి దీపావళి ముందు ఆ వైపు నుంచి వచ్చి చీరలు తీసుకునేవాళ్ళు ఉంటారు, "ఉగాదికి ఇస్తాం అక్కా" అని బాకీ పెట్టి పోతారు. ఉగాదికే ఎందుకో ఇన్నేళ్ళు నేను అడగలేదు.

---

బేలం_లోపల | నంద్యాల | డిసెంబర్ 4, ఉదయం 7:15

అసలు ఇంత దూరం ఎందుకండీ? మన పక్కన ఉన్నవే పిల్లలకు చూపించం. బేలం గుహలు 3,229 మీటర్లు, అందులో కిలోమీటరున్నర దాకా లోపలికి పోనిస్తారు. ప్రొద్దుటూరు నుంచి పొద్దున పోతే సాయంత్రానికి ఇల్లు. గండికోటకు ఇంకా తక్కువ, పెన్నా లోయ అంచున కూర్చుంటే గంటలు తెలియవు. మసీదు, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం అన్నీ నడిచే దూరంలో. ఒక్క ఆదివారం చాలు, ఏ లెటరూ అక్కర్లేదు.

---

సంగటిముద్ద | కడప | డిసెంబర్ 4, ఉదయం 7:40

గండికోటలో సముద్రం ఎప్పుడొచ్చిందన్నా?

---

అంగడి_అమ్మ | ప్రొద్దుటూరు | డిసెంబర్ 4, ఉదయం 9:00

గండికోట నాలుగు సార్లు, బేలం రెండు సార్లు అయ్యాయండీ. గండికోట అంటే "మళ్ళీనా" అంటారు పిల్లలు. బంధువులు ఎవరొచ్చినా చూపించేది అదే కదా.

టికెట్లు బుక్ చేశా. నిజమే రాయాలనుకున్నా. ఈ రోజు స్కూలుకు పోతున్నా, ఏమైందో రాత్రి చెప్తా.

---

అంగడి_అమ్మ | ప్రొద్దుటూరు | డిసెంబర్ 4, రాత్రి 10:40

ఇదీ నేను రాసిన లెటర్:

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, మా పిల్లలు ఇద్దరూ సంక్రాంతి సెలవుల తర్వాత ఆరు రోజులు బడికి రాలేరు. కుటుంబంతో విశాఖపట్నం యాత్రకు పోతున్నాం. మా వ్యాపారం వల్ల సెలవుల్లో వీలుపడదు. పోయిన పాఠాలు ఇంటి దగ్గర చేయిస్తాను. అనుమతి ఇవ్వగలరు."

ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివాడు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇట్ల రాస్తే నేను సంతకం పెట్టలేను మేడమ్. మీకు పెడితే అందరూ అడుగుతారు. ఫీవర్ అని రాసి ఇవ్వండి, ఇప్పుడే పెట్టేస్తా" అన్నాడు.

జనవరి చివర్లో వచ్చే జ్వరానికి డిసెంబర్ 4న లెటర్ ఎట్లిచ్చేది సార్ అని అడిగా. ఆయనకు నవ్వొచ్చింది గానీ సంతకం మాత్రం పెట్టలేదు. "తేదీ వేయకుండా ఇవ్వండి" అన్నాడు.

ఆబ్సెంట్ వేసుకోండి, ఎట్లున్నా ఆబ్సెంటే కదా అని చెప్పి నా లెటర్ అక్కడే పెట్టి వచ్చేశా. మా ఆయన నేను ఇంటికొచ్చినప్పటి నుంచి "నేను మొదటే చెప్పలేదా జ్వరమని" అని నవ్వుతున్నాడు.

---

మిద్దెమీద_గాలి | అనంతపురం | డిసెంబర్ 4, రాత్రి 11:10

అయ్యో! అంటే నా లెటర్ కూడా ఆఫీసులో అందరికీ తెలిసిన జ్వరమేనేమో. పెరుగన్నం పెట్టిన ఆమెకు ఒక్కదానికే ఆ పూట తెలియదు.

---

లెక్కల_సారు | కర్నూలు | డిసెంబర్ 5, ఉదయం 6:30

మేడమ్, సంతకం సంగతి వదిలేయండి. పని చెప్తా. పాప లెక్కల టీచరును నేరుగా కలిసి ఆ ఆరు రోజుల్లో ఏ పాఠం జరుగుతుందో అడగండి. మొదటి అభ్యాసం పోయేముందే ఇంట్లో చేయించండి, అర్థం కాకపోయినా ఫర్వాలేదు. రైల్లో పుస్తకాలు తీయించొద్దు, చదవరు, మీకు కోపం, వాళ్ళకు ఏడుపు. తిరిగొచ్చాక నోట్సు మొత్తం కాపీ చేయించడం కూడా వద్దు. రాసి రాసి చెయ్యి నొప్పి తప్ప లెక్క రాదు. ప్రతి రకానికి రెండు లెక్కలు చేయించండి చాలు.

---

అంగడి_అమ్మ | ప్రొద్దుటూరు | ఫిబ్రవరి 8, రాత్రి 10:05

చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు, అందుకే రాస్తున్నా.

పోయొచ్చాం. రామకృష్ణా బీచ్‌లో దిగగానే మావాడు నీళ్ళ దగ్గరికి పోకుండా నిలబడిపోయాడు. ఏమిరా అంటే "దీనికి అవతలి ఒడ్డు లేదా?" అన్నాడు. వాడికి తెలిసిన నీళ్ళు పెన్నా, దానికి ఎప్పుడూ అవతలి ఒడ్డు ఉంటుంది, నడుమ ఇసుక కూడా ఉంటుంది. అత్తమ్మ మోకాళ్ళ లోతులో నిలబడి చీర తడిసేదాకా బయటికి రాలేదు. సింహాచలంలో మొక్కు తీరింది. బీచ్ పక్కన మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌లో పాప చాలాసేపు ఉండిపోయింది, అంతమంది అంత ఇరుకులో ఎట్ల పడుకున్నారని.

అరకు పోయే కిరండూల్ రైల్లో పిల్లలిద్దరూ సొరంగాలు లెక్క పెట్టారు. వాడిది 47, దానిది 44. మధ్యలో వాడు పల్లీలు కొనడానికి లేచినప్పుడు పోయినవి కలిపావా లేదా అని ఇప్పటికీ గొడవే. బొర్రా గుహల్లో మావాడు గైడుకు చెప్పాడు, "మా బేలంలో వంగి నడవాలి, ఇక్కడ తల ఎత్తి చూడాలి" అని. బేలం_లోపల గారూ, మీ ఆదివారం వృథా కాలేదు.

ఇంక బడి సంగతి. లెక్కల_సారు, మీరన్నట్టే అయింది. పాపకు వచ్చిన వెంటనే పెట్టిన టెస్టులో 25కి 13. ఎప్పుడూ 20 తగ్గదు. రెండు ఆదివారాలు వాళ్ళ మామ కూర్చోబెట్టి చెప్పాడు, ఇప్పుడు దారిలో పడింది. టెన్షన్ పడలేదంటే అబద్ధం. ఆ 13 చూసిన రోజు అంగడిలో ఒక మీటరు బట్ట తక్కువ కోసి ఇచ్చా.

---

లెక్కల_సారు | కర్నూలు | ఫిబ్రవరి 8, రాత్రి 10:50

13 వచ్చిందని ఇక్కడ రాశారు చూడండి, అది మెచ్చుకోవాలి. ఏ తప్పులు చేసిందో ఆ పేపర్ ఫోటో పంపండి, చూస్తా.

---

సంగటిముద్ద | కడప | ఫిబ్రవరి 8, రాత్రి 10:58

ముందు 47ఆ 44ఆ తేల్చండి.

---

అంగడి_అమ్మ | ప్రొద్దుటూరు | ఫిబ్రవరి 9, ఉదయం 8:20

ఎర్రమట్టి_బడి సార్, ఒక మాట. పిల్లలు బీచ్‌లో గవ్వలు, శంఖాలు ఏరి ఒక బట్టల సంచీ నిండా తెచ్చారు. సగం మీ క్లాసుకు ఇస్తామంటున్నారు. కొంచెం సముద్రం ఇసుక కూడా వాటర్ బాటిల్‌లో ఉంది. బస్సు పార్సిల్‌లో ఆదోనికి వేస్తే మీకు అందుతుందా?

---

ఎర్రమట్టి_బడి | ఆదోని దగ్గర | ఫిబ్రవరి 9, రాత్రి 8:45

అందుతుందమ్మా. ఆదోని బస్టాండు పార్సిల్ ఆఫీసుకు వేయండి, శనివారం నేను పోయి తెచ్చుకుంటా. సీసా మూత గట్టిగా బిగించండి.

ఇప్పుడు బళ్ళో 14 మందే ఉన్నారు. వాళ్ళకు చూపించి, మిగతావి బీరువాలో పెడతా. తక్కినవాళ్ళు ఉగాదికి వస్తారు.